చావని మనిషికి ఏడ్చిన ఏడుపు

"మీకు ఏం పోయిందమ్మా?" అని అడిగారు టెక్కలి లాయరు గారు.

ఆయన తప్పుగా అడగలేదు. దావా వేస్తానని వచ్చిన ప్రతి మనిషినీ అడిగే మాటే అది. పొలం పోయిందా, చెయ్యి పోయిందా, మనిషి పోయాడా. నా పక్క కుర్చీలో మా ఆయన నిక్షేపంగా కూర్చున్నాడు. నా చేతికి గాజులున్నాయి, మొహాన బొట్టుంది. ఏం చెప్పాలో నాకే తెలీలేదు. కానీ నా నోరు ఊరుకునే నోరు కాదు. "మూడ్రోజులు నేను ముండమోసానండి. మొగుడు బతికుండగా. దానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, మొదటి నుంచీ చెప్పమన్నారు.

మాది ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య ఊరు. నేను కాశీబుగ్గలో ఒక ప్రైవేటు బళ్ళో సోషల్ చెప్తాను. మా ఆయన గల్ఫ్‌లో ఓడలు బాగుచేసే యార్డులో వెల్డరు. జలంత్రకోట ఊరి కుర్రాడొకడు అదే కంపెనీలో, అదే గదిలో ఉండేవాడు. మా ఆయన కన్నా చిన్నవాడు, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. మా ఆయనే వెంటబెట్టుకు వెళ్ళి పని నేర్పించాడు. వీడియో కాల్ చేస్తే ఫోన్ లాక్కుని, "వదినా, అన్నయ్య ఈ రోజు పప్పు మాడ్సేసేడు, నువ్వే సూడు" అని గిన్నె చూపించి చాడీలు చెప్పేవాడు. వాళ్ళ నాన్నని మా ఊళ్ళన్నిటినీ పట్టిన జబ్బే పట్టుకుపోయింది, కిడ్నీలు పాడై. తల్లి పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి పోయి ఆ ఒక్క కొడుకునీ పెంచింది. ఆమెని నేను పిన్నీ అంటాను. చుట్టరికమేం లేదు, మగాళ్ళిద్దరూ ఒక గదిలో ఉండడం వల్ల కలిసింది.

మా వైపు చావు కబురు ఆడదానికి ఎవరూ నేరుగా చెప్పరు. ముందు పక్కింటివాళ్ళకి చెప్తారు. వాళ్ళొచ్చి ఊరికే కూర్చుంటారు. ఒంట్లో బాలేదట అంటారు, ఆస్పత్రిలో ఉన్నాడట అంటారు, సీరియస్సట అంటారు. మెల్లిగా, మెట్టు మెట్టుగా దించుతారు మనిషిని. మా ఆయన్ని పంపిన ఏజెంటుకి ఇదేం పట్టలేదు. ఒడిశా వైపు బరంపురంలో ఆఫీసు పెట్టుకుని మా వాళ్ళని గల్ఫ్ పంపేవాడు. పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో మా ఆయన ఫొటో పెట్టేశాడు, కింద దండం పెట్టే రెండు చేతుల బొమ్మ, "రోడ్డు ప్రమాదంలో మరణించారు" అని. నేను గ్రైండర్లో పిండి వేసి, తిరుగుతోంది కదాని ఫోన్ తీశాను.

ఆ తర్వాత ఆ పిండి ఎవరు తీశారో, గ్రైండర్ ఎవరు ఆపారో నాకు తెలీదు.

మధ్యాహ్నానికల్లా మా జంక్షన్లో ఫ్లెక్సీ లేచింది. మా ఆయన స్నేహితులే కట్టించారు, ప్రేమ కొద్దీ. కన్నీటి నివాళి. ఫొటో మా పెళ్ళినాటిది, నల్ల కళ్ళద్దాలతో ఉన్నది. పోనీ మంచి ఫొటో అయినా దొరకలేదా ఈ వెధవలకి అని ఆ ఏడుపులోనూ ఒళ్ళు మండింది నాకు.

ఇంట్లో ఆడవాళ్ళు చేరారు. ఎవరో నా తల్లో పువ్వు తీసేశారు. ఎవరో బొట్టు తుడిచారు. శవం ఎప్పటికొస్తుందో ఏమో, గాజులు కూడా ఇప్పుడే తీసేద్దామని ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. అప్పుడే వచ్చింది పిన్ని, ఆటో దిగి చెప్పులు కూడా విప్పకుండా. వచ్చీ రాగానే ఆవిడ చెయ్యి లాగి అవతల పడేసింది.

"శవం మొకం సూడకండా గాజులు తియ్యకూడదు. ఎవులే సెప్పింది మీకు? నాను తీయించుకున్నదాన్ని, నాకు తెల్దేటి?" అని అందరినీ కసిరింది.

నా రెండు మణికట్లూ తన చేతుల్లో పట్టుకుని, పక్కనే కూర్చుంది. మూడు రోజులు అలాగే ఉంది. పనికి పోలేదు, ఇంటికి పోలేదు. గంజి కాచి చెంచాతో నా నోట్లో పోసింది. నాతో పాటు ఏడ్చింది. మామూలుగా ఏడవలేదు, రాగం తీసి, మా ఆయన చేసిన మేళ్ళన్నీ ఒకటొకటే చెప్పుకుంటూ ఏడ్చింది. నా కొడుక్కి దారి సూపించేవురా నాయనా, తండ్రి లేనోడికి తండ్రయ్యేవురా అని. మధ్యమధ్య ఫోన్ చూసుకునేది. "మావోడు ఎత్తట్లేదే. అన్నయ్య కాడే ఉండుంటాడు, ఆస్పత్రి కాడ. అలాటోడు కాదు మావోడు, అన్నయ్యని ఒగ్గీసి రాడు" అనేది.

మూడో రోజు పొద్దున్న తెలీని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. పక్కింటావిడ స్పీకర్ నొక్కి నా చేతికిచ్చింది.

"ఏటే, నానే."

గొంతు విని నాకు ముందు సంతోషం రాలేదు. కోపం వచ్చింది. "బతికుండి ఎక్కడ సచ్చేవు బావా ఇన్నాళ్ళూ" అని అరిచాను. ఇంట్లో ఒక్కసారి అందరూ లేచారు. పిన్ని నన్ను గట్టిగా పట్టేసుకుని, నా తల మీద, బుగ్గల మీద ముద్దులు పెట్టేసింది. "సూసేరా, నాను సెప్పలేదా గాజులు ముట్టొద్దని" అని అందరికీ చెప్పుకుంది. నాకు బొట్టు పెట్టమని పక్కింటావిడ చేతికి కుంకుమ భరిణె ఇచ్చింది, తను పెట్టకూడదు కదా. ఆ నవ్వు మొహంతోనే ఫోన్ దగ్గరికి వంగి, "అబ్బాయా, మావోడికియ్యి ఓసారి" అంది.



"బావా, పిన్ని అడుగుతంది. ఆడికియ్యి" అన్నాను.

"జేబులో కార్డు నాది" అన్నాడు మా ఆయన. "మనిషి ఆడు."

నాకు అర్థమయిపోయింది. పిన్నికి కాలేదు. ఇంకా నవ్వుతూనే నా మొహం వంక చూసింది, ఏటంటన్నాడు అన్నట్టు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోలేను. ఎంత పాపిష్టిదాన్నో, ఆ క్షణంలో కూడా నా మొగుడు బతికున్నాడన్న సంగతే నా గుండెలో కొట్టుకుంటోంది.

గల్ఫ్ నుంచి అతని పెట్టె వచ్చింది, కార్యం జరిగింది. ఏజెంటు వచ్చి ఊళ్ళో అందరి ముందూ చెప్పాడు. మా ఆయన కార్డు పోయిందని కంపెనీకి చెప్పాడట, ఆ కుర్రాడే దొంగిలించి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడట, కార్డు చూసి తాను పొరపడ్డాడట. "నా తప్పేం ఉంది? జేబులో ఎవరి కార్డుంటే వాళ్ళే అనుకుంటాం" అన్నాడు. పిన్ని ఆ తర్వాత పలాస పనికి వెళ్ళడం మానేసింది. దొంగోడి తల్లి అని అక్కడ ఎవరో అన్నారట.

నా సంగతి వేరు. ఫోన్ మోగితే తీసేదాన్ని కాదు, పక్కింటావిడకిచ్చి ఎవరో చూడమనేదాన్ని. క్లాసులో పాఠం చెప్తూ చెప్తూ ఆగిపోయేదాన్ని, పిల్లలు ముందు నవ్వి, తర్వాత భయపడి ఊరుకునేవారు. మా ఆయన సెలవు పెట్టి వచ్చేశాక కూడా నిద్రలో అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. బజారుకెళ్తే "సచ్చి బతికినోడి పెల్లాం" అని వేళాకోళం. కబురొచ్చిన రోజు నేను ఏడిస్తే వీడియో తీసి అప్పుడే గ్రూపులో పెట్టారు ఎవరో, నేను నేల మీద పడి దొర్లుతున్నది. అది ఊరూరా తిరిగింది. ఫ్లెక్సీ విప్పి ఎవరో పెరట్లో పరిచారు, దాని మీద జీడిపిక్కలు ఎండబోశారు. దారిన పోతూ చూస్తే పిక్కల మధ్య నుంచి మా ఆయన నల్ల కళ్ళద్దాలు కనిపించేవి. అందరికీ నవ్వులాట. ఎద్దు పుండు కాకికి నొప్పా?

వచ్చిన వారంలోనే పలాస తీసుకెళ్ళి మా ఆయనకి రక్తం పరీక్ష చేయించాను. మా ఊళ్ళలో మగాడు ఇంటికొస్తే ముందు చేయించేది అదే. కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ మామూలుగానే ఉంది, ఏ జబ్బూ లేదు. ఆ కాగితం చేతిలో పట్టుకుని ల్యాబ్ మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. సంతోషం అనుకున్నాను. సోడా తెచ్చి తాగించాను.

ఇదంతా విని లాయరు గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన మంచివాడే. దండిగా చదివినాయన, అడిగినదానికి విసుక్కోకుండా చెప్పే మనిషి.

"పోలీసు కేసుకైతే దెబ్బ కనపడాలమ్మా. లేదా వాడు కావాలని అబద్ధం చెప్పాడని చూపించాలి. వాడేమో కార్డు చూసి చెప్పాను అంటున్నాడు" అన్నారు.

"మనసుకి తగిలితే దెబ్బ కాదాండి?"

"అవుతుంది. వినియోగదారుల కోర్టులో మానసిక వేదనకి ఇప్పించాను నేను. పెళ్ళికి ఫొటోలు తీసి పోగొట్టినవాడి మీద గెలిచాం. కానీ ఏజెంటుకి ఫీజు కట్టింది మీ ఆయన. వినియోగదారుడు ఆయనవుతాడు. మీరు కారు."

"అంటే ఏడ్చింది నేను, కస్టమరు ఈయనా?"

ఆయన నవ్వాపుకున్నారు. సివిల్ దావా ఒకటుంది అన్నారు. నిర్లక్ష్యం వల్ల జరిగిన హాని. అది ఎక్కడ వెయ్యాలన్నది కూడా పేచీయేనట. హాని జరిగిన చోటైనా వెయ్యొచ్చు, ప్రతివాది ఉండే చోటైనా వెయ్యొచ్చు. మనిషి చచ్చింది గల్ఫ్‌లో, ఫొటో పెట్టింది బరంపురంలో, నేను పడిపోయింది ఉద్దానంలో మా వంటింట్లో. నొప్పి ఎక్కడ పుట్టినట్టు అని వాళ్ళ లాయరు వాదిస్తాడట.

"పోనీ వేరే దేశాల్లో ఏముందండి? అక్కడ మనుషులకి మనసులుంటాయి కదా" అన్నాను. ఒళ్ళు మండి అన్నదే గానీ, ఆయన నిజంగానే చెప్పడం మొదలెట్టారు. ఇంగ్లండులో అయితే మన మనిషికి జరిగింది మన కళ్ళతో చూసి ఉండాలట, ఫోన్లో వింటే చాలదట. ఊరికే దుఃఖం కుదరదట, డాక్టరు దానికో జబ్బు పేరు పెట్టాలట. అమెరికాలో రాష్ట్రానికో రకం. టెలిగ్రాముల కాలంలో చావు కబురు సరిగ్గా చేర్చలేదని కంపెనీల మీద వేస్తే, ఒక రాష్ట్రంలో కేసు నిలబడేదట, పక్క రాష్ట్రంలో అదే కేసు కొట్టేసేవారట. గల్ఫ్‌లో మాత్రం మనిషి పోతే భార్యాబిడ్డల మనోవేదనకి పరిహారం అడగొచ్చు అన్నారు.

"మరింకేం?"

"మీ మనిషి పోలేదు కదమ్మా."

నాకు నవ్వొచ్చేసింది. ఆ ఆఫీసులో, అంత కోపంలో, పగలబడి నవ్వేశాను. ఇచ్ఛాపురం సరిహద్దుకి ఇవతల ఏడిస్తే ఒక రేటు, అవతల ఏడిస్తే ఒక రేటు. మొగుడు చస్తే ఏడుపుకి విలువుంది, చావకపోతే లేదు. "అయినా వెయ్యండి సార్. గెలవకపోయినా పరవాలేదు. వాడు బోనెక్కి, మొహం చూడకుండా చెప్పేశాను అని ఒక్కసారి నోటితో అనాలి" అన్నాను. అదే కావాలి నాకు, ఇంకేం అక్కర్లేదు.

సరేనని ఆయన కాగితం తీసి మా ఆయన వైపు తిరిగారు. "మొదటి సాక్షి మీరే. తారీఖులు కుదరాలి. కార్డు పోయిందని కంపెనీకి ఎప్పుడు చెప్పారు? ప్రమాదానికి ముందా, తర్వాతా?"

మా ఆయన గుర్తు లేదన్నాడు. వాళ్ళ లాయరు మొట్టమొదట అడిగేది ఇదేనయ్యా అన్నారు ఈయన. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు మా ఆయన. నేను అతని మొహం చూశాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్న మొహం. నా నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది.

"తరవాత" అన్నాడు.

మెల్లిగా బయటికొచ్చింది. కంపెనీలో ఏడాదికోసారి రక్తం పరీక్ష. క్రియాటినిన్ ఎక్కువుంటే మర్నాడే టికెట్ చేతిలో పెట్టి పంపేస్తారు. మా ఊళ్ళవాళ్ళందరికీ అదే భయం. అందుకని గదిలో ఒక అలవాటు చేసుకున్నారు. నడుం నొప్పి అన్నవాడు, కాళ్ళు వాచాయన్నవాడు వెళ్ళడు, వాడి కార్డు పట్టుకుని ఆరోగ్యంగా ఉన్నవాడు వెళ్ళి రక్తమిచ్చి వస్తాడు. కార్డు మీద ఫొటో గోరంత, అందరికీ గడ్డాలే, ఎవడూ చూడడు. ఆ నెలలో మా ఆయనకి నడుం నొప్పి వచ్చింది. "నానెల్తాను అన్నయ్యా" అన్నాడట పిన్ని కొడుకు. క్లినిక్ రోడ్డు దాటుతుంటే వ్యాను కొట్టింది.

"మరి మీ పేరున చావు కబురు వెళ్ళిందని ఎప్పుడు తెలిసింది మీకు?" అని అడిగారు లాయరు గారు.

"ఆ రోజే."

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే అందరి రక్తాలూ మల్లీ తీత్తారండి. గదిలో అందరూ ఇంటికి పోవాలి. జైలంటారో ఏటో. ఆలోసించుకుందాం, ఆగమన్నారు ఆల్లు."

నేను ఒక్కటే అడిగాను. "నా వీడియో ఎప్పుడు సూసేవు?"

తలెత్తలేదు. "మొదటి రోజే" అన్నాడు.

ల్యాబ్ మెట్ల మీద ఏడుపు ఏమిటో అప్పుడర్థమయింది నాకు. ఏ జబ్బూ లేని నడుం నొప్పి అది.

లాయరు గారు పెన్ను మూత పెట్టేశారు. ఆయన గొంతు కూడా తగ్గింది. "అమ్మా, ఏజెంటు చూడకుండా చెప్పాడు. అది పొరపాటు. ఈయన తెలిసి ఊరుకున్నాడు. ఇందాక చెప్పిన దేశాలన్నీ ఎక్కడెక్కడో తేడాపడతాయి గానీ, ఈ రెండూ ఒకటి కాదని మాత్రం అన్నీ ఒప్పుకుంటాయి. ఇప్పుడు ప్రతివాదిగా ఎవరి పేరు రాయమంటారు?"

నేను లేచి బయటికొచ్చేశాను.

బండెక్కి నందిగాం దాటాం. నాకు అతన్ని కొట్టాలనుంది, బండి మీంచి దూకెయ్యాలనుంది, అతను వెనక్కి నా వైపు తిరిగి ఒక్క మాట అంటే బాగుండుననీ ఉంది. పలాస దాటాం. మా ఊరి మలుపు దగ్గర బండి తిప్పబోయాడు. "తిన్నగా పోనీ" అన్నాను.

"ఎక్కడికే?"

"జలంత్రకోట. దొంగ అని ఎవుల్ని అన్నారో ఆల్ల అమ్మ కాడికి."

"ఇప్పుడొద్దే. ఇంకో రోజు నానే ఎల్తాను."

"ఆగీ ఆగీ మూడ్రోజులు ఆగేవు. సాలు."

పిన్ని వాకిట్లో కూర్చుని చీపుళ్ళకి కొబ్బరీనెలు గీస్తోంది. పక్కన పచ్చి ఆకు కుప్ప. మమ్మల్ని చూసి రండి అనలేదు, పొమ్మనీ అనలేదు. మా ఆయన నిలబడే చెప్పాడు. ఒక్కటీ దాచలేదు, దాస్తే నేను ఊరుకోనని తెలుసు. నడుం నొప్పి, కార్డు తనే ఇవ్వడం, అతను నవ్వుతూ బయల్దేరడం, పోయిందని కంపెనీకి అబద్ధం చెప్పడం. చెప్పి నేల మీద చతికిలబడిపోయాడు.

ఆమె కత్తి ఆపలేదు. ఇంకో ఆకు తీసుకుంది, ఈనె గీసింది, కట్టలో పెట్టింది.

"అయితే దొంగ కాడు నా కొడుకు" అంది.

"కాడు పిన్నీ" అన్నాడు.

"రేపు ఆ ఫ్లెక్సీ కట్టిన కాడ నిలబడి సెప్పు ఈ మాట. పలాసలో నా పని కాడ కూడా సెప్పు."

చెప్తానన్నాడు. అప్పుడు నా వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఉంటే నాకు తేలికయ్యేది. నేను కోర్టుకెళ్తానంటున్న సంగతి ఆమెకి ఎవరో ముందే చెప్పినట్టున్నారు.

"నీకేటో కోర్టులో ఇప్పిత్తారంట కదే" అంది. "నాకోటి అడుగు. ఆ మూడ్రోజులూ నీ మొగుడి కోసం నాకున్న ఏడుపంతా ఏడిసేసేను. పెట్టె వచ్చీసరికి నా కంట నీటిబొట్టు లేదు. తల్లై ఉండి ఏడవలేదని ఊరంతా సూసింది. నా కొడుకుది నీ మొగుడికి పెట్టీసేనే. అది తిరిగిప్పించే కోర్టు ఏ దేశంలో ఉందో కనుక్కో."

నా చేతులు కొంగు కిందికి లాక్కున్నాను. గాజులు చప్పుడు చేశాయి. ఆమె అడ్డుపడి ఆపిన గాజులే అవి.